1977 బాలీ పిన్‌బాల్ పెట్టె: ఒక పక్క ఎరుపు వెలిసిపోయింది, మొత్తం రంగు మార్చాలా?

వెండిబంతి:

అందరికీ నమస్కారం. నేను షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాను. పక్క ఊళ్ళో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ బేస్‌మెంట్‌లోని పిన్‌బాల్ యంత్రాన్ని (నాణెం వేసి, లోహపు బంతిని మీటలతో కొడుతూ ఆడే, కాళ్ళున్న పెట్టె) అమ్మకానికి పెడితే కొన్నాను. 1977లో బాలీ కంపెనీ తయారుచేసిన ఈవెల్ కనీవెల్. మోటారు సైకిల్ మీద బస్సుల వరసలు దూకి పేరు తెచ్చుకున్న సాహసికుడి పేరుతో వచ్చిన ఆట. రిలేలనే విద్యుత్ స్విచ్చులతో ఆట నడిచే కాలం దాటి బాలీ ఎలక్ట్రానిక్ బోర్డులకు మారిన తొలి రోజులది. సుమారు 14,000 యంత్రాలు తయారయ్యాయి కాబట్టి అపురూపమని చెప్పలేను. కానీ నాకు మాత్రం చాలా ఇష్టం.

బోర్డులు, కాయిల్స్, బంతిని కొట్టే ఫ్లిప్పర్ల సంగతి నేను చూసుకోగలను, నా ఉద్యోగం ఎలక్ట్రానిక్స్‌లోనే. బెంగంతా పెట్టె మీది బొమ్మల గురించే. తెల్లటి నేల మీద ఎరుపు, నీలం రంగులతో స్టెన్సిల్ (ఆకారం కోసిన పలుచని షీటు ఆనించి రంగు కొట్టడం) వేసిన పెట్టె ఇది. ఎడమ పక్క గోడకు ఆనుకుని ఉండడం వల్ల దాదాపు చెక్కుచెదరలేదు. కుడి పక్క కిటికీ వైపు ఉండేదట. అక్కడ ఎరుపు ఉడికించిన రొయ్య రంగుకు వచ్చేసింది. నీలం మాత్రం నిలబడింది. తెలుపు ఎండ తగిలిన చోట ఒకలా, తగలని చోట ఒకలా ఉంది.

దీనికి తోడు ముందు వైపు కుడి మూలలో, కాలు బిగించే చోట, చెక్క అతుకు విచ్చుకుంది. ఆ చుట్టూ అరచేతి మేర రంగు పెచ్చులు లేచింది. కుడి పక్క మధ్యలో ఎవరో తాళంచెవితో రెండు అక్షరాలు చెక్కారు. ఒక అక్షరం పైపైన గీత, రెండోది చెక్కలోకి దిగిన గాటు. మా ఆవిడ ఆ అక్షరాలు ఉండనీయమంటోంది, అవీ ఈ పెట్టె కథలో భాగమే కదా అని.

నా ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ముద్రించిన స్టిక్కర్లు తెప్పించి చుట్టూ అంటించడం, అంతా గీకేసి కొత్తగా స్టెన్సిల్ వేయడం, లేదా ఎక్కడ పోయిందో అక్కడ మాత్రం చిన్న కుంచెతో దిద్దడం. ఇంట్లో ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప ఉన్నారు. యంత్రం బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. చేసి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ఫ్లిప్పర్‌రాజు:

డాలస్ నుంచి. నేను 1993 నాటి విలియమ్స్ కంపెనీ యంత్రానికి స్టిక్కర్లు వేశాను, దాని గురించి మాత్రం చెప్పగలను.

అప్పటి పెట్టెల మీద బొమ్మలు స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసేవారు. చుక్కలు, నీడలు, సన్నని గీతలు, ఒకదాని మీద ఒకటి ఎన్నో రంగులు. అలాంటి బొమ్మ పాడైతే చేత్తో దిద్దడం మనవల్ల కాదు, కాబట్టి స్టిక్కరే మార్గం. నాకు ఫలితం బాగా వచ్చింది. అయితే స్టిక్కర్ వేయడం తేలిక అనుకోకండి. కింద ఉన్న రంగంతా తీసి, గాట్లన్నీ లప్పంతో పూడ్చి, ప్రైమర్ వేసి, అద్దంలా నునుపు చేయాలి. ఇసుక రేణువంత ఎత్తు మిగిలినా స్టిక్కర్ వినైల్ (పలుచని ప్లాస్టిక్) పైకి చూపిస్తుంది. రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్ళు చల్లి అంటిస్తే కాసేపు అటూ ఇటూ జరుపుకోవచ్చు. తర్వాత మధ్య నుంచి అంచులకు రబ్బరు పలకతో నీళ్ళు నెట్టేయాలి. నాకు సాయానికి ఒక మనిషి ఉన్నాడు. ఒంటరిగా చేయొద్దనే నా సలహా.

ఇంకొకటి. కాలి బోల్టులు గట్టిగా బిగిస్తే ఇనుప కాలు వినైల్‌ను తొక్కి ముడతలు తెస్తుంది. కాలికీ పెట్టెకూ మధ్య పెట్టే రేకులు అమ్ముతారు, అవి వేసుకోండి. రంగు పెట్టెకైనా అవి కావలసిందే.

మీది 1977ది, రెండే రంగులు. దానికి స్టిక్కర్ నేనైతే వేయను. కానీ నేను స్టెన్సిల్ పని చేయలేదు. గౌరి గారు చేస్తారు, ఆవిడ వచ్చి చెబితే బాగుంటుంది.

గ్యారేజీ గౌరి:

పిలిచినందుకు సంతోషం రాజు గారూ. ఒహాయోలో మా గ్యారేజీలో ఇప్పుడు కూడా ఒక పెట్టె పక్కకు పడుకుని ఉంది. వైరింగ్ అంతా మా వారి పని, చెక్క, రంగు నావి. 1970ల బాలీ, విలియమ్స్, గాట్లీబ్ పెట్టెలంటే నాకు ప్రాణం, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

వెండిబంతి గారూ, ముందుగా ఒక్క మాట. ఎడమ పక్కను ముట్టుకోకండి. గీకడం, దిద్దడం, పైన వార్నిష్ వేయడం, ఏదీ వద్దు. తుడిచి వదిలేయండి. దాదాపు యాభై ఏళ్ళ కిందట షికాగో కార్ఖానాలో కొట్టిన రంగు అది, చెక్కుచెదరకుండా మీ చేతికి వచ్చింది. ఒక పక్క పాడైందని రెండు పక్కలూ గీకేసి కొత్తగా చేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పిన్‌బాల్ యంత్రం కుడి, ఎడమలను ఏ మనిషీ ఒకేసారి చూడలేడు. ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది ఉన్నంత మాత్రాన చూసేవాళ్ళకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించదు. రెండు పక్కలతోనూ కలిసి కనిపించేది ముందు భాగం ఒక్కటే. నాణేల తలుపు ఉన్న ఆ ముందు పలకతో మీ కొత్త ఎరుపు సరిపోవాలి, అంతే.

అందుకని రంగు దేనితో పోల్చాలనేది ఇక్కడ అసలు విషయం. చాలామంది పక్క రెయిలు (పెట్టె పక్క పై అంచున బిగించే లోహపు పట్టీ) విప్పి దాని కింద వెలుతురు తగలని చోట దొరికే రంగును నమూనాగా తీసుకుంటారు. మొత్తం పెట్టె కొత్తగా చేసేటప్పుడు అదే సరైన పద్ధతి. రెయిలు కింద, నాణేల తలుపు చట్రం వెనుక, కాళ్ళు ఆనుకునే చోట కార్ఖానా నుంచి వచ్చిన రోజు నాటి ఎరుపు దొరుకుతుంది. చూస్తే ఆశ్చర్యపోతారు, అంత గాఢంగా ఉంటుంది. కానీ మీరు ఒక పక్కే చేస్తున్నారు. ఆ ఎరుపు తెచ్చి కుడి పక్కన కొడితే, ముందు పలక దాని పక్కన వెలవెలబోతుంది. మీరు పోల్చుకోవలసింది ముందు పలక మీద ఈనాడు ఉన్న ఎరుపుతో.

పోల్చడానికి నా పద్ధతి ఇది. పోస్టుకార్డంత అట్టముక్క మీద కలిపిన రంగు వేసి పూర్తిగా ఆరనిస్తాను. తడి రంగును నమ్మకూడదు, నీటి ఆధారపు రంగులైతే ఆరాక ముదురుతాయి. ఆరిన అట్ట మధ్యలో కాగితాలకు చిల్లులు వేసే పంచ్‌తో ఒక చిల్లు పొడుస్తాను. ఆ చిల్లు పాత రంగు మీదకు వచ్చేలా అట్టను పెట్టె మీద ఆనిస్తాను. రంగు కలవకపోతే చిల్లు గుండ్రంగా కనిపిస్తుంది. కలిసిందంటే చిల్లు ఎక్కడుందో కంటికి ఆనదు. దీన్ని కిటికీ వెలుతురులో ఒకసారి, బేస్‌మెంట్ దీపాల కింద ఒకసారి చూడండి. పగటి వెలుతురులో కలిసిన రెండు ఎరుపులు దీపం కింద విడిపోవచ్చు. యంత్రం ఉండేది దీపం కిందే కనుక ఆ తీర్పునే నమ్మండి.

ఇక మీ మూడు దారుల సంగతి. స్టిక్కర్ వద్దని రాజు గారు చెప్పారు, కారణం నేను చెబుతాను. మీ పెట్టె ఎడమ పక్క ముందు కూర్చుని, నీలం నక్షత్రం అంచును భూతద్దంతో చూడండి. అంచు కత్తితో కోసినట్టు ఉండదు. నీలం తుంపర సన్నని పొగలా తెలుపు మీదకు జారి ఉంటుంది. స్టెన్సిల్ ఆనించి త్వరత్వరగా స్ప్రే కొట్టినప్పుడు అంచు కిందకు దూరిన రంగు అది. కొన్ని చోట్ల ఆకారం మధ్యలో రంగు లేని సన్నని పట్టీలు కూడా కనిపిస్తాయి. లోపలి ముక్క ఊడిపడకుండా స్టెన్సిల్‌లో వదిలిన వంతెనలు అవి. ఎవరో ఒక మనిషి రంగు చల్లే స్ప్రే తుపాకీ పట్టుకుని నిలబడి, ఈ పెట్టె మీద, ఈ చోట రంగు కొట్టాడని ఆ అంచు చూస్తే తెలుస్తుంది. వినైల్ ముద్రణలో అదేమీ ఉండదు. ఏకరీతి మెరుపు, సూటి అంచు. స్టెన్సిల్ కాలపు పెట్టె మీద స్టిక్కర్ ఎంత ఖరీదైనదైనా నా కంటికి అది వేరే వస్తువు. వంతెనలను పొరపాటు అనుకుని కుంచెతో పూడ్చేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

కాబట్టి నా సలహా: కుడి పక్క ఒక్కటీ గీకి, తిరిగి స్టెన్సిల్ వేయండి. ముందు మూలలో పెచ్చులు లేచిన చోట చెక్క బాగుచేసి కుంచెతో దిద్దండి. మిగతాది తుడిచి వదిలేయండి.

గీకే ముందు ఒక జాగ్రత్త, పిల్లలున్న ఇల్లని చెప్పారు కనుక దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో, బొమ్మల్లో, సామాన్లలో సీసాన్ని నిషేధించింది 1978లో. మీ పెట్టె 1977ది. రంగులో సీసం ఉందేమో పరీక్ష కిట్‌తో చూడండి. అసలు ఉందనుకునే పని చేయడం ఇంకా మేలు. పొడిగా గీకకండి, మెషీన్ పెట్టి దుమ్ము లేపకండి. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తో తడిగా రుద్దండి. సన్నని దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్ల మాస్కు వేసుకోండి. వచ్చిన బురదను గుడ్డతో ఎత్తి సంచిలో కట్టేయండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. పని బేస్‌మెంట్‌లో వద్దు, గ్యారేజీలో చేయండి, అయ్యేదాకా పిల్లలను అటు రానివ్వకండి.

తుడవడానికి మొదట నాఫ్తా (పెట్రోలియం ద్రావకం) వాడి చూడండి. పాత సిగరెట్ పొగ, జిడ్డు లేస్తుంది, రంగును సాధారణంగా ఏమీ చేయదు. అయినా వెనుక వైపు ఒక మూల రుద్ది చూశాకే ముందుకు రండి. స్పిరిట్ లాంటి ఆల్కహాల్ కొన్ని పాత రంగులను కరిగిస్తుంది. తెల్లటి మెలమైన్ స్పాంజీలు వస్తాయి చూడండి, మరకలు మాయమవుతున్నాయని సంబరపడి రుద్దుతూ పోతాం. నిజానికి అది సన్నని సాండ్ పేపర్ లాంటిదే, మరకతో పాటు రంగునూ తీస్తుంది. ఎడమ పక్క మీద దాన్ని వాడకండి.

గీకకముందే కుడి పక్క బొమ్మను భద్రపరచుకోవాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, సన్నని మార్కర్‌తో ప్రతి అంచూ ఎత్తి రాసుకోండి. పెట్టె పై అంచు, ముందు అంచు ఎక్కడ వస్తాయో కూడా షీటు మీదే గీయండి. టేపు పక్కన పెట్టి, కెమెరా సూటిగా ఉంచి ఫొటోలు తీయండి. ఎడమ పక్కను తిప్పి వేసుకుంటే సరిపోతుందని అనుకోకండి. రెండు పక్కల బొమ్మ ఒకటే అయినా ఏ అంచు నుంచి ఎంత దూరంలో పడిందో పెట్టె పెట్టెకూ మారుతుంది, ఒకే పెట్టె రెండు పక్కలకూ మారుతుంది. మీ పెట్టెకు ఎక్కడ ఉందో అక్కడే రావాలి.

చెక్క పని. విచ్చుకున్న మూలలోకి చెక్క జిగురు సన్నని సూదితోనో పలుచని బ్లేడు అంచుతోనో లోపలి దాకా పంపి, రెండు వైపులా క్లాంపులతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. మూల విచ్చుకోవడానికి అసలు కారణం వదులైన కాలి బోల్టులు. నూటపది, నూటఇరవై కిలోల యంత్రాన్ని కాళ్ళ మీదే ఈడుస్తూ ఉంటే ఆ ఊపంతా మూలకు చేరుతుంది. లోపలి ఇనుప పలక, దాని మరలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే అతుకు మళ్ళీ విచ్చుకుంటుంది. గాట్లకు కార్ల సొట్టలు పూడ్చే రెండు భాగాల లప్పం వాడండి, చెక్క లప్పం కుంగుతుంది.

ఆ అక్షరాల విషయం. మీ ఆవిడ మాటలో న్యాయం ఉంది. పైపై గీత ఉన్న అక్షరాన్ని నేనైతే అలాగే ఉంచేదాన్ని, కానీ ఆ పక్క మొత్తం గీకుతున్నారు కనుక అది ఎలాగూ పోతుంది. లోతు గాటును మాత్రం పూడ్చాలి. తెగిన అంచుల నుంచి తేమ ప్లైవుడ్ పొరల్లోకి దిగి, కొత్త రంగును కూడా లేపుతుంది. షీటు మీద బొమ్మతో పాటు ఆ రెండు అక్షరాలనూ ఎత్తి రాసుకుని దాచుకోండి.

స్టెన్సిల్‌కు రెండు మార్గాలు. జిగురున్న మాస్క్ ఫిల్మ్ కట్టర్ మీద కోయించి అంటించడం మొదటిది. అంచు చాలా సూటిగా వస్తుంది, తేలిక కూడా. రెండోది నేను చేసేది: దళసరి మైలార్ (గట్టి ప్లాస్టిక్) షీటు కోసి, పెట్టెను పక్కకు పడుకోబెట్టి, షీటును పైన పరిచి, అంచుల దగ్గర బరువులు పెట్టి నిటారుగా పైనుంచి కొట్టడం. షీటు పూర్తిగా అతుక్కోదు కాబట్టి ఆ సన్నని తుంపర అంచు దానంతట అదే వస్తుంది. ఏ మార్గమైనా ఒక్క దళసరి పూత కాకుండా పలుచగా మూడు పూతలు కొట్టండి. ఎరుపు బాగా గట్టిపడ్డాకే నీలం స్టెన్సిల్ పెట్టండి. ఎనామెల్ అయితే కనీసం వారం ఆగుతాను.

పైన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) అడుగుతారేమో. నేను వేయను. మిగతా పెట్టె అంతా మాట్‌గా, మెరుపు లేకుండా ఉండి ఒక్క పక్క మెరిస్తే, ఇంత శ్రమపడి కలిపిన రంగు వృథా అవుతుంది. కిటికీకి అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించండి, పెట్టెకు అది చేసే మేలే ఎక్కువ.

ఆటోనగర్ పెయింటర్:

బాబూ, అమ్మా, నమస్కారం. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు, బోర్డులకు అక్షరాలు రాసి ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాను. పిన్‌బాల్ నేను చూడలేదు కానీ ఎరుపు ఎందుకు పోతుందో, ఎనామెల్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసు.

గౌరమ్మ చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది, రెయిలు కింద దొరికే తెలుపును నమ్మవద్దు. నూనె ఆధారపు ఎనామెల్ తెలుపుకు ఒక గుణం ఉంది, వెలుతురు లేని చోట పసుపు తిరుగుతుంది. దుకాణంలో బోర్డు వెనక భాగం, అల్మారా లోపలి తలుపు చూడండి, ముందు భాగం కంటే పచ్చగా ఉంటాయి. ఎరుపు వెలుతురుకు పోతుంది, తెలుపు చీకటికి మారుతుంది. అందుకే బాబు పెట్టెలో ఎండ తగిలిన తెలుపు ఒకలా, తగలనిది ఒకలా ఉందని అంటున్నాడు. రెయిలు కింది తెలుపే అసలు తెలుపని దుకాణంలో కలిపించుకుంటే మీగడ రంగు చేతికి వస్తుంది. గీకే పక్క కాకుండా, ముందు పలక మీద వెలుతురు తగిలే చోట శుభ్రంగా తుడిచి, అక్కడి తెలుపుతో పోల్చుకోండి. చీకట్లో పసుపెక్కిన తెలుపు కొన్ని వారాలు వెలుతురులో ఉంటే కొంత తిరిగి తేరుకుంటుంది కూడా. ఎడమ పక్క గోడ వైపు ఉండేదని అన్నారు. యంత్రం చోటు మార్చాక అది కొద్దిగా తెల్లబడితే కంగారు పడకండి.

రెండోది ఎరుపు. మెరిసే ఎరుపులు చాలావరకు ఎండకు ఆగవు. గేరు రంగు లాంటి రెడ్ ఆక్సైడ్ ఎన్నేళ్ళయినా ఆగుతుంది, కానీ అది ఇటుక రంగు, మీ పనికి రాదు. ఎరుపులో తెలుపు కలిపే కొద్దీ ఇంకా తొందరగా పోతుంది. ఇక్కడే మీకు చిక్కు వస్తుంది. ముందు పలక మీద ఎరుపు కొంత వెలిసి ఉంటుంది, దానితో కలపడానికి మీరు ఎరుపులో తెలుపు పోస్తారు. అలా చేయవద్దు. కొంచెం పసుపు, ఇంకొంచెం నారింజ, చిటికెడు గేరు కలిపి చూడండి. వెలిసిన ఎరుపు లేత ఎరుపు కాదు, మాసిన ఎరుపు. తెలుపు పోస్తే గులాబీ తిరుగుతుంది. గౌరమ్మ చెప్పిన చిల్లు అట్ట పద్ధతి బాగుంది, మేము వేలి గోటి మీద చుక్క పెట్టుకుని పోల్చేవాళ్ళం. మంచి బోర్డు ఎనామెల్ కొనండి. అమెరికాలో అక్షరాలు రాసేవాళ్ళు వన్ షాట్ అనే ఎనామెల్ వాడతారని మా అబ్బాయి చెప్పాడు, అలాంటిది.

ఇంకొక్క జాగ్రత్త. పాత ఎనామెల్ మీద ఘాటు థిన్నర్ ఉండే లాకర్ రంగు కొడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. మూలలో దిద్దేటప్పుడు పాత రంగూ కొత్త రంగూ కలిసే చోట ఇదే జరుగుతుంది. చేతికి వచ్చిన స్ప్రే డబ్బా ఏదో తెలియకుండా కొట్టకండి. వెనక పలక మీద గోరంత చోట వేసి, రాత్రంతా ఉంచి చూడండి. ముడత రాకపోతేనే ముందుకు వెళ్ళండి. దిద్దే కుంచె దెబ్బతిన్న చోటు దాటకూడదు. అంచు కలవలేదని చుట్టూ పులిమితే మచ్చ పెద్దదవుతుంది.

వెండిబంతి:

గౌరి గారూ, పెయింటర్ బాబాయి గారూ, రాజు గారూ, ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. మీ సందేశాలు చదివి కిందకు వెళ్ళి ఎడమ పక్కను భూతద్దంతో చూశాను. నీలం అంచులో ఆ తుంపర ఉంది, ముందు పలక మీద వంతెన పట్టీ కూడా ఉంది. ఇన్నాళ్ళూ అది పెచ్చు ఊడిందని అనుకున్నాను. బాబాయి గారు చెప్పినట్టు రెయిలు చివర మర వదులు చేసి చూస్తే కింది తెలుపు నిజంగానే పచ్చగా ఉంది.

నిర్ణయం అయిపోయింది. కుడి పక్క ఒక్కటే. మూల అతుకు ముందు బిగిస్తాను. సీసం కిట్, మాస్కు ఫిల్టర్లు ఆర్డర్ చేశాను. షీటు మీద అక్షరాలతో సహా ఎత్తి రాసే పని మా ఆవిడ తీసుకుంది.

ఇంకా రెండు ప్రశ్నలు. ఇక్కడ గ్యారేజీలో చలి మొదలైంది, వేడి లేదు. రంగు కొట్టడం బేస్‌మెంట్‌లో చేయవచ్చా? మైలార్ ఎంత దళసరి తీసుకోవాలి?

గ్యారేజీ గౌరి:

బేస్‌మెంట్‌లో వద్దు. మీ ఫర్నేసు, వాటర్ హీటరు అక్కడే ఉంటాయి కదా, వాటిలో మంట వెలుగుతూ ఉంటుంది. ఎనామెల్ ఆవిరి అంటుకుంటుంది. పైగా ఆ వాసన ఇంటి గాలి గొట్టాల్లోకి వెళ్ళి పిల్లల గదుల దాకా వస్తుంది. స్ప్రే డబ్బాలు చాలావాటి మీద 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో కొట్టవద్దని రాసి ఉంటుంది. చలిలో కొడితే ఆరదు, కారుతుంది. ఈ శీతాకాలం చెక్క పని, ట్రేసింగ్, స్టెన్సిల్ కోయడం, రంగు కలిపి అట్టల మీద పోల్చడం చేసుకోండి, వాటికే బోలెడు సమయం పడుతుంది. ఏప్రిల్ చివరికి గ్యారేజీ తలుపు తెరిచి కొట్టండి. గాలి వీచే రోజు, ముసురు పట్టిన రోజు వద్దు.

మైలార్ 10 మిల్ తీసుకోండి, అంటే పావు మిల్లీమీటరు. అంతకంటే పలుచనైతే స్ప్రే గాలికే అంచు లేస్తుంది, మరీ దళసరైతే వంపులు కోయడం కష్టం. కొత్త బ్లేడు వాడండి, మొండిదవుతున్నట్టు అనిపించగానే మార్చండి. బాబాయి గారు చెప్పిన తెలుపు విషయం నాకు కొత్త. నా చేతిలో ఉన్న పెట్టెకు రెయిలు కింది తెలుపే నమూనాగా పెట్టుకున్నాను, రేపు ఆ అట్ట మళ్ళీ కలుపుతాను.

ఆటోనగర్ పెయింటర్:

కలిపే ముందు ఆ పెట్టెను నాలుగు వారాలు కిటికీ దగ్గర ఉంచి చూడమ్మా. నేరుగా ఎండ పడకూడదు, వెలుతురు చాలు. ఎరుపు ఉన్న చోట కాగితం కప్పు.